తాయారు ఉన్న రేవు

డాక్టరు పడవ ఆ పొద్దున కూడా ఎగువలంక రేవులోనే ఉంది. దిగువలంక రేవులో నిలబడిన సత్యవేణి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పాయ అవతలకి చూసింది. పడవ కప్పు మీద సోలారు పలకలు ఎండకి మెరుస్తున్నాయి. రేవు మెట్ల మీద ఆమె తోటికోడలు మంగతాయారు, అప్పుడే పడవలోంచి దిగి, చేతికి దూది నొక్కుకుంటూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ నవ్వు ఇంత దూరం వినబడదు. అయినా సత్యవేణికి వినబడింది.

"చూడండి, ఎలా నిలబడిందో. పుట్టింటోళ్ళు సారెలో పెట్టి పంపినట్టుంది ఆ పడవ," అంది మొగుడితో.

 తాతబ్బాయి మాట్లాడేదే తక్కువ. చిన్న నావలో కూర్చుని, గుడ్డ చుట్టిన కుడికాలు అడ్డబల్ల మీద పెట్టుకున్నాడు. షుగరు వల్ల అరికాల్లో పడిన పుండు ఏడాదైనా మానలేదు. రోజూ కట్టు మార్చకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. అందుకని సత్యవేణి రోజూ మొగుణ్ణి నావలో కూర్చోబెట్టుకుని, గెడ వేసుకుంటూ పాయ దాటి, తోటికోడలి రేవుకి వెళ్ళి వరసలో కూర్చోవాలి. వరసలో కూర్చున్నప్పుడు తాయారు ఇంట్లోంచి మజ్జిగ తెచ్చి ఇస్తుంది. ఆ మజ్జిగ సత్యవేణికి ఒక్కనాడూ సరిగ్గా గొంతు దిగలేదు.

ఈ పడవ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ గోదావరి పాయలో మూడు లంకలున్నాయి. ఎగువలంక, దిగువలంక ఎదురెదురుగా ఉంటాయి, బూరుగులంక బాగా కిందికి ఉంటుంది. దేనికీ వంతెన లేదు. జ్వరమొచ్చినా నొప్పులొచ్చినా నావెక్కి, గట్టెక్కి, బస్సెక్కి పోవాల్సిందే. అలా పోలేక ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ఇంటికొకరైనా ఉన్నారు. మనుషులు ఆస్పత్రికి రాలేకపోతే ఆస్పత్రే మనుషుల దగ్గరికి వెళ్ళాలని డాక్టర్ అన్వర్ అనే శాస్త్రవేత్త ఈ పడవని తయారుచేశాడు. దాన్ని నడిపే సరంగు లేడు, దానంతటదే నడుస్తుంది. లోపల స్కానింగు, రక్తపరీక్షలు, డయాలసిస్ మిషను, కుట్లు వేసే రోబో చెయ్యి ఉంటాయి. ఎదురుగా తెర మీద కాకినాడ నుంచి డాక్టరు మాట్లాడతాడు.

లంకల్లో ప్రతి మనిషి చేతికీ ఒక రబ్బరు పట్టీ ఇచ్చారు. అది నాడి, రక్తపోటు, షుగరు, ఊపిరి కొలిచి ఎప్పటికప్పుడు పడవకి చెబుతుంది. ఆ మనిషికి వైద్యం ఎంత అవసరమో పడవలోని కంప్యూటర్ లెక్కగట్టి ఒక అంకె వేస్తుంది. ఆ అంకెల్ని జనం మార్కులు అన్నారు. ఏ రేవులో ఉన్నవాళ్ళ మార్కులన్నీ కలిపితే ఎక్కువవుతాయో పడవ ఆ రేవుకి వెళ్ళి లంగరు వేసుకుంటుంది. మిగతావాళ్ళు అక్కడికి వచ్చి చూపించుకోవాలి. సిఫార్సు పనికిరాదు, ఫలానావారి తాలూకు అంటే దానికి తెలియదు.

అంత న్యాయమైన పడవ ఎండాకాలం ముందు నుంచీ ఎగువలంక వదిలి రాలేదు. కారణం తాయారే. ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆ మిషను మీద రక్తం శుభ్రం చేయకపోతే బతకదు. మామూలు జ్వరానికి రెండో మూడో మార్కులు పడితే, తాతబ్బాయి కాలికి తొమ్మిది పడ్డాయి. తాయారు ఒక్కదానికే తొంభై.

సత్యవేణికి కిడ్నీల సంగతి తెలియక కాదు. తెలిసినా కడుపుమంట ఆగలేదు. ఆ ఇంటికి పెద్దకోడలుగా వచ్చి తను అంతా చేసింది. వెనక వచ్చిన తాయారు నవ్వుతూ మాట్లాడి అందర్నీ తన వైపు తిప్పుకుంది. అత్తగారు మాణిక్యమ్మ పెద్దకొడుకు ఇంట్లోనే ఉంటూ, సత్యవేణి చేతి వంట తింటూ, చిన్నకోడల్ని మెచ్చుకుంటుంది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు తాయారు మొగుడు అబ్బులు ఎగువలంకకి వెళ్ళిపోతే సత్యవేణి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు చూస్తే జబ్బులో కూడా తాయారే ముందు. తెర మీద డాక్టరు ఆమెని "తాయారుగారూ, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగుతాడు. సత్యవేణి మొగుణ్ణి లేవదీసుకుని లోపలికి వెళితే "నెక్స్ట్" అంటాడు.

తొలకరి పడుతుండగా డాక్టర్ అన్వర్ పడవని చూసుకోవడానికి వచ్చి దిగువలంకలో కూడా ఆగాడు. మెత్తని మనిషి, ఎవరేం అడిగినా ఓపిగ్గా చెబుతాడు. సత్యవేణి ఆయన్ని ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, మా లంకంటే మీ పడవకి ఎందుకండీ అంత చులకన అని అడిగింది. చులకన కాదమ్మా, మీ లంకలో జబ్బులు తక్కువ, అది సంతోషించాల్సిన విషయం అన్నాడాయన. మార్కుల లెక్క వివరించాడు. సత్యవేణి గడపకి ఆనుకుని నిలబడి విన్నది.

"అయితే ఓ మాట చెప్పండి. మా ఇంటికి చుట్టం వచ్చిందనుకోండి. ఆవిడికి ఆయాసం. ఆవిడి మార్కులు ఏ ఊళ్ళో పడతాయండీ?"

"మనిషి ఎక్కడుంటే అక్కడేనమ్మా. చుట్టాలకి కూడా పడవలో పట్టీ ఇస్తారు. మా పడవ రేషన్ కార్డు అడగదు, సొంతూరు అడగదు. దాని గొప్పతనమే అది," అన్నాడు డాక్టర్ అన్వర్, కాస్త గర్వంగానే.

ఆయన కాఫీ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. సత్యవేణి మాత్రం గడప దగ్గరే నిలబడిపోయింది.

గోదారికి ఎర్రనీరు తగిలితే లంకలకి పులస చేప వస్తుంది. ఆ రోజుల్లో పులస పులుసుకి రమ్మని పిలిస్తే రానన్న మనిషి ఆ జిల్లాలో ఉండడు. పిలుపు అందడమే పెద్ద మర్యాద, అందుకని ఎప్పుడూ ఆఫీసర్లనీ వియ్యాలవారినీ పిలుస్తారు. ఆ ఏడు దిగువలంకవాళ్ళు జబ్బు మనుషుల్ని పిలిచారు. ఆలోచన సత్యవేణిది, ఊరి చేత ఒప్పించింది సర్పంచి కొండలరావు. ఆయాసం ఉన్న మేనత్తలు, గుండెకి స్టెంటు వేయించుకున్న బావలు, పక్షవాతం వచ్చిన పినమామలు సంచులు పట్టుకుని దిగారు. ఎన్నేళ్ళ తర్వాత మేం గుర్తొచ్చామమ్మా అని కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సత్యవేణి ఇంట్లోనే ముగ్గురు దిగారు. అందరికీ పులసలు ఎక్కడ దొరుకుతాయి? దొరికిన చేపకి పులస అని పేరుపెట్టి బెండకాయలు వేసి వండారు. ఎవరూ తేడా కనిపెట్టలేదు.

దిగువలంక మార్కులు తొంభై దాటాయి, నూరు దాటాయి. ఒక మధ్యాహ్నం అందరూ చూస్తుండగా డాక్టరు పడవ ఎగువలంక రేవులో లంగరు తీసి, ఎర్రనీటిని చీల్చుకుంటూ ఇవతలికి వచ్చింది. దిగువలంక జనం చప్పట్లు కొట్టారు. సత్యవేణి మొగుణ్ణి చెయ్యి పట్టి నడిపించుకుని వెళ్ళి, మొదటి కట్టు కట్టించుకొచ్చింది. ఇంటి నుంచి రేవుకి పట్టుమని వంద అడుగులు లేవు. ఆ సాయంత్రం ఆమెకి ఎంత సుఖంగా ఉందంటే, అవతలి రేవు ఖాళీగా ఉండడం చూడ్డానికి ప్రత్యేకంగా మళ్ళీ గట్టు మీదికి వెళ్ళింది.

మరి తాయారు సంగతి? ఆమె అది ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచించింది. మనం ఇన్నాళ్ళూ దాటలేదా, వాళ్ళూ దాటుతారు అనుకుంది. కాని తాము దాటింది వేసవి నీళ్ళలో. ఇప్పుడు పాయ పొంగి, నావలు గట్టుకి కట్టేసి ఉన్నాయి.

రెండు రోజులు చూసి అబ్బులు తెగించాడు. ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళని తోడు తీసుకుని, పెళ్ళాన్ని నావలో పడుకోబెట్టుకుని, సుడులు తప్పించుకుంటూ ఇవతలి గట్టుకి చేర్చాడు. తాయారు మొహం ఉబ్బి కళ్ళు మూతలు పడ్డాయి. ఊపిరి అందడం లేదు. పడవ దగ్గర వరసలో ఉన్నవాళ్ళు తప్పుకున్నారు. ఆమెని మిషను మీద పడుకోబెట్టి గొట్టాలు తగిలించాక అబ్బులు ఒడ్డున కూలబడి, వదినగారి వైపు చూశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే సత్యవేణి తిరిగి ఏదో అనేది, కాస్త తేలికపడేది.

వరద తగ్గేదాకా తాయారు తిరిగి వెళ్ళే దారి లేదు. బావగారి ఇల్లు ఎదురుగా ఉండగా ఇంకొకరి ఇంట్లో దింపితే ఊరు నవ్వుతుంది. సత్యవేణి ముందు గదిలో మంచం వేసి, ఉతికిన దుప్పటి పరిచింది. మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

ఆ తర్వాత జరిగింది లెక్కల ప్రకారమే జరిగింది. చేపల రోజులు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. వరద తగ్గింది. అయినా పడవ దిగువలంక వదల్లేదు, ఎందుకంటే తాయారు తొంభై మార్కులూ ఇప్పుడు దిగువలంకవి. ఈ ముక్క ఊరికి అర్థమైన క్షణం నుంచి తాయారు ఆ ఊరి ఆడపడుచు అయిపోయింది. ఒకరు కొబ్బరి నూనె, ఇంకొకరు మెత్తని దిండు తెచ్చారు. ఇంటికి వెళతానని తాయారు అంటే, కాస్త ఒంటివాపు తీయనీ, ఓపిక రానీ అని కొండలరావు స్వయంగా వచ్చి ఆపాడు. ఎగువలంక పెద్దలు రెండుసార్లు నావ కట్టించుకుని వచ్చి మా మనిషిని మాకు పంపండన్నారు. మీ మనిషి ఎప్పుడైందండీ, మెట్టింది ఈ ఇంటికి కదా అని వీళ్ళు వాదించారు. ఇద్దరి మధ్యా తాయారు దిండుకి ఆనుకుని, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూస్తూ కూర్చునేది.

ఇదంతా సత్యవేణి ఇంట్లో జరుగుతోంది. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కాఫీలు ఆమే ఇవ్వాలి. తాయారుకి ఉప్పు లేని కూర విడిగా ఆమే వండాలి. ఎదురుగా పాయ అవతల ఉన్నప్పుడు కనీసం తలుపేసుకుంటే తాయారు కనబడేది కాదు. ఇప్పుడు లేచింది మొదలు కళ్ళముందే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలోనూ ఇంట్లో పట్టుమని పది మాటలాడని తాతబ్బాయి, తాయారు చెప్పే కబుర్లు వింటూ పైకి నవ్వుతున్నాడు. పొయ్యి దగ్గర ఆ నవ్వు విన్నప్పుడు సత్యవేణికి చేతిలో గరిటె విసిరికొట్టాలనిపించింది. ఆమె చేసిన పనికి ఆమెకి సరైన శిక్షే పడిందని ఎవరైనా అనొచ్చు. ఆమె మాత్రం అలా అనుకోలేదు. ఈ తాయారు నా ప్రాణానికి ఎక్కడికెళ్ళినా తయారే అనుకుంది.

ఒకటి మాత్రం నిజం. తాతబ్బాయి కాలు మానుతోంది. పుండు సగానికి తగ్గి, చుట్టూ కొత్త చర్మం ఎర్రగా పుడుతోంది. ఇంకో రెండు నెలలు ఇలాగే రోజూ కట్టు మారిస్తే కాలు దక్కుతుందని డాక్టరు చెప్పాడు.

ఒకరోజు పొద్దున్నే సత్యవేణి మొగుడికి కట్టు కట్టిస్తుండగా తెర మీది డాక్టరు గొంతు సవరించుకుని, తాయారుగారు ఎక్కడున్నారని అడిగాడు. ఆమెకి సరిపడే కిడ్నీ కాకినాడలో దొరికిందట. ప్రమాదంలో పోయిన మనిషిది. ఆమె వెంటనే బయలుదేరితే పడవే రోడ్డున్న గట్టు దాకా తీసుకెళుతుంది, అక్కడ అంబులెన్సు ఉంటుంది. గంటలో పడవెక్కకపోతే కిడ్నీ జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. "మీరు వెళ్ళి చెప్పండమ్మా," అన్నాడు.

బీపీ చూపించుకోవడానికి వచ్చిన కొండలరావు అక్కడే ఉన్నాడు. ఇంకా నలుగురున్నారు. అందరూ విన్నారు. ఎవరూ కదల్లేదు. తాయారు వెళితే తొంభై మార్కులూ వెళతాయి. మార్కులు వెళితే పడవ వెళుతుంది.

సత్యవేణి ఒడ్డుకి దిగాక కొండలరావు వెనకే వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఊరికోసం తిరిగే మనిషి.

"అమ్మా సత్యవేణీ, నేను వద్దనట్లేదు. కాని పిల్ల ఇంకా నీరసంగా ఉంది. అంత పెద్ద ఆపరేషను తట్టుకుంటుందా అని. ఇదొక్కటే కిడ్నీయా ఏంటి, ఇంకో రెణ్ణెల్లకి ఇంకోటి వత్తాది. అప్పటికి మీ ఆయన కాలూ బాగుపడుద్ది. నీ మొగుడి కాలు గురించి కూడా ఆలోచించమంటున్నాను, అంతే."

మిగతావాళ్ళు తలలూపారు. వాళ్ళ మొహాల్లో నిజంగానే జాలి ఉంది. తాయారంటే వాళ్ళకి ఇష్టమే. అందుకే ఆమె ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలని కోరుకుంటున్నారు. సత్యవేణి పడవ వైపు చూసింది. కట్టు కట్టిన కాలుతో తాతబ్బాయి తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా విన్నాడు. నీ ఇష్టం అన్నట్టు తల వంచుకున్నాడు.

దారిలో ఆమె మనసులో కొండలరావు మాటే తిరిగింది. రెండు నెలలు. అందులో తప్పేముంది, కాలు పోతే ఈ మనిషిని జన్మంతా ఎవరు మోస్తారు? చెప్పకూడదనే దాదాపు నిశ్చయించుకుని గుమ్మంలో కాలు పెట్టింది.

లోపల మాణిక్యమ్మ మంచం మీద కూర్చుని చిన్నకోడలి తల దువ్వుతోంది. పాయలు తీసి, నూనె రాసి, మెల్లిగా జడ అల్లుతోంది. ఆ చేతులు సత్యవేణి తలని ఒక్కసారి కూడా తాకలేదు. ఆమె రెండు పురుళ్ళలో, టైఫాయిడ్‌తో నెల్లాళ్ళు పడుకున్నప్పుడు కూడా.

"నువ్వొచ్చాకే ఈ ఇంటికి కళొచ్చిందే తాయారూ," అంటోంది ముసలావిడ.

సత్యవేణికి తల నుంచి కాళ్ళ దాకా మంట పాకింది. ఇంకో రెండు నెలలా? ఇంకో రెండు పూటలు కూడా వీల్లేదు అనుకుంది.

"లెగు. బట్టలు సర్దుకో. నీకు కిడ్నీ దొరికిందంట. పడవ నీకోసం ఉంది," అంది.

తాయారు తెల్లబోయి చూసింది. సత్యవేణి ఆగలేదు. చీరలు రెండు సంచిలో కుక్కింది, చెయ్యి పట్టుకుని లేపింది, జడ సగంలో ఉండగానే బయటికి నడిపించింది. దారికి అడ్డంగా నిలబడ్డ కొండలరావుని తప్పుకోండి అంది. ఆయన తప్పుకున్నాడు. తాతబ్బాయి గోడ పట్టుకుని పడవలోంచి దిగి తాయారుకి దారిచ్చాడు. తాయారు ఎక్కుతూ వెనక్కి తిరిగి, తోటికోడలి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. సత్యవేణి చేతులు విడిపించుకుని, తొందరగా ఎక్కు అంది. పడవ లంగరు తీసింది.

 గట్టు మీద నిలబడ్డ కొండలరావు, ఎంత పని చేశావమ్మా అని మాత్రం అన్నాడు.

పడవ తిరిగి దిగువలంకకి రాలేదు, ఎగువలంకకీ వెళ్ళలేదు. బూరుగులంకలో విషజ్వరాలు వచ్చాయి, అక్కడ లంగరు వేసింది. సత్యవేణి మళ్ళీ మొగుణ్ణి నావలో వేసుకుని గెడ పట్టింది. ఈసారి దూరం మూడింతలు, వెళ్ళలేని రోజులు పడి పుండు మానడం నెమ్మదించింది. ఊళ్ళో కొందరు ఆమెతో మాటలు మానేశారు.

శీతాకాలంలో తాయారు తిరిగొచ్చింది. మొహంలో ఉబ్బు పోయింది, నడకలో చురుకొచ్చింది. మార్కులు తొంభై నుంచి నాలుగుకి దిగాయి. వస్తూనే రెండు లంకల్లోనూ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మొగుడి కాలు పోతుందని తెలిసీ, ఊరంతా వద్దంటున్నా, మా అక్క నన్ను చెయ్యి పట్టి పడవెక్కించిందని చెప్పింది. మాట్లాడ్డం మానేసినవాళ్ళు సిగ్గుపడి మళ్ళీ మాట్లాడారు. ఎగువలంకవాళ్ళు చీర పెట్టారు. మాణిక్యమ్మ కూడా, నా పెద్దకోడలు బంగారం అని నలుగురిలో అంది.

ఈ కథ డాక్టర్ అన్వర్ దాకా వెళ్ళింది. ఆయన టీవీవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. మనుషుల అవసరాన్ని నా యంత్రం కొలవగలిగింది కానీ, మనుషుల మంచితనాన్ని కొలవలేకపోయిందమ్మా అన్నాడు. ఆ క్షణంలో మీ మనసులో ఏముందో చెప్పమని అడిగాడు.

సత్యవేణి కెమెరా వైపు చూసి, ఆయన వైపు చూసింది. ఉన్నదే చెప్పింది.

"కుళ్ళండి. దాన్ని ఇంకొక్క పూట నా ఇంట్లో చూడలేకపోయానండి."

డాక్టర్ అన్వర్ నవ్వేశాడు. టీవీవాళ్ళూ నవ్వారు. ఇంత త్యాగం చేసి ఎంత నిగర్వంగా మాట్లాడుతున్నారో చూడండి అన్నాడొకడు. నెల తిరక్కుండా ఆ పడవకి "సత్యవేణి" అని పేరు పెట్టారు. నీలం రంగుతో, రెండు వైపులా, పాయ అవతలికి కనబడేంత పెద్ద అక్షరాలతో రాశారు.

పేరు రాసిన మర్నాడు కూడా తాతబ్బాయికి కట్టు మార్చాలి. తాయారు తోడు వస్తానంది. ఇద్దరూ ఆయన్ని నావలో కూర్చోబెట్టుకుని బూరుగులంక వైపు బయలుదేరారు. మలుపు తిరిగేసరికి ఎదుటి రేవులో పడవ, దాని మీద సత్యవేణి పేరు, దాని ముందు బారెడు వరస కనబడ్డాయి. తమ వంతు మధ్యాహ్నానికి గానీ రాదు.

తాయారు ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"చావు దాకా వెళ్ళొచ్చింది నేనక్కా. పడవకి పేరు మాత్రం నీది," అంది.

ఆ గొంతులో ఉన్నదేమిటో సత్యవేణికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా తన గొంతులో పెట్టుకు తిరిగింది అదే. పెళ్ళయి వచ్చాక మొదటిసారి ఆమెకి తాయారు మీద కాస్త ఇష్టం కలిగింది. గెడ తీసి తోటికోడలి చేతికిచ్చి, కాసేపు నువ్వు తొయ్యి, నా చేతులు లాగేస్తున్నాయి అంది.